రహంతుల్లా పేరున వచ్చిన ట్రంక్ కాల్

1981 నవంబరు. ఆదోని టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ట్రంక్ ఆపరేటర్‌గా నాకది పదకొండో ఏడు. ఊరు దాటి పోయే ఫోను ఏదైనా మా బోర్డు మీదుగానే పోవాలి. అడిగినవాళ్ల నంబరు చీటీ మీద రాసుకుని, పై ఊరి ఆపరేటర్‌ను పిలిచి, తీగ కొసనున్న ప్లగ్గును బోర్డులో గుచ్చి ఇద్దరినీ కలపడం మా పని. ఆ చీటీని టికెట్ అనేవాళ్లం.

అప్పట్లో పి.పి. కాల్ అని ఒకటుండేది. ఫలానా మనిషితోనే మాట్లాడాలని పేరు చెప్పి బుక్ చేసుకునేది. ఆ మనిషి దొరక్కపోతే పూర్తి ఛార్జీ పడదు. ఆదోని పత్తి మండీవాళ్లు దీన్నొక కబురుగా వాడుకునేవారు. దూరం పోయేవాళ్లు ఇంట్లో లేని పేరొకటి అనుకుని బయల్దేరతారు. క్షేమంగా చేరాక ఆ పేరు మీద పి.పి. బుక్ చేస్తారు. ఇక్కడివాళ్లు "అట్లాంటోల్లు ఈడ ఎవరూ లేరు" అని పెట్టేస్తారు. మాటల్లేకుండానే సంగతి తెలిసిపోతుంది. ఈ ఉపాయం మాకూ తెలుసు. తెలియనట్టే ఉండేవాళ్లం.

ఖాసింసాబ్ మండీలో పత్తి దళారి. అరవై దాటినవాడు. ఆయన కొడుకు మహబూబ్, కోడలు, ఇద్దరు మనవరాళ్లు మొదటిసారి విశాఖపట్నం పోయారు. కోడలి అన్నకు అక్కడి ఓడరేవులో ఉద్యోగం. కొండవాలు మీద ఇల్లు. ఆ కుటుంబంలో ఒక్కరూ అంతకు ముందు సముద్రం చూసినవాళ్లు కారు.

సోమవారం బయల్దేరినవాళ్లు బుధవారానికి చేరాలి. ఫోను రాలేదు. బుధవారం సాయంత్రం నుంచే కోస్తా లైన్లు పలకడం మానేశాయి. గురువారం మధ్యాహ్నం రేడియోలో తుఫాను వార్త చదివారు. విశాఖపట్నం పేరు రెండుసార్లు వినబడింది. పావుగంటలో ఖాసింసాబ్ మా బుకింగ్ కిటికీ దగ్గరికి వచ్చి బెంచీ మీద కూర్చున్నాడు. దుకాణంలో ఫోను ఉన్నా, అది మోగేదాకా అక్కడ కూర్చోలేకపోయాడు.

మహబూబ్‌తో అనుకున్న పేర్లు ఆయనే నాకు చెప్పాడు. రహంతుల్లా కావాలని అడిగితే అందరూ క్షేమం. ఖాసింసాబ్ కావాలని తన పేరే అడిగితే ఏదో జరిగినట్టు. అప్పుడు ఫోను తీసుకుని మాట్లాడక తప్పదు కదా, అందుకని.

"ఇల్లు కొండ మీదంట సార్," అన్నాడు. "కిందుంటే సముద్రం. పైనుంటే బండ. యాడికని పోతారు?"

ఆయన భయం నాకు అర్థమైంది. మా ఆదోనిలో కొండ కింద ఇల్లు కట్టుకున్నవాళ్లు పెద్దవాన పడితే నిద్రపోరు. మట్టి నాని బండ కదులుతుందేమోనని చెవులు రిక్కించుకుని ఉంటారు. ఖాసింసాబ్ తమ్ముడి ఇంటి వెనకగోడ అట్లాగే ఒక బండ కింద పోయింది. విశాఖపట్నం కొండలు వేరే రకం కావచ్చని చెప్పాను. వాటిని నేనూ చూసినవాణ్ణి కాదు.

మూడూ నలభైకి కర్నూలు ఆపరేటర్ పిలిచాడు. విశాఖపట్నం లైను దొరికిందని, ఎంతసేపు ఉంటుందో తెలియదని, ఆదోనికి ఒక పి.పి. ఉందని చెప్పాడు. పెన్సిలు తీసుకుని పేరు అడిగాను.

"ఖాసింసాబ్."

టికెట్ మీద 'ఖా' రాసి ఆగాను. తలెత్తితే ఆయన కిటికీ చువ్వలు పట్టుకుని నన్నే చూస్తున్నాడు. పేరు నేను పైకి అనలేదు. అయినా తెలిసిపోయింది.

"లేడని సెప్పు సార్."

"ఈడనే ఉండావు కదా సాబ్. బూత్‌లో ఫోను తీసుకో, కలుపుతాను."

"నేను ఇనలేను. ఇననంత సేపు వాల్లు బతికే ఉంటారు."

చెవిలో కర్నూలు ఆపరేటర్ తొందర పెడుతున్నాడు. అటు గాలి హోరులాంటి చప్పుడు. పి.పి. పార్టీ లేరని చెప్పాను. కాల్ రద్దయింది. నిమిషం గడవకముందే లైను మళ్లీ పోయింది.

ఖాసింసాబ్ కిటికీ చువ్వలు వదిలాడు. "ఎవరి గొంతు సార్ అది? మహబూబ్‌దేనా?" అని అడిగాడు. గొంతు నా దాకా రాలేదని చెప్పాను. ఆయన మండీ వైపు నడిచాడు. సగం దూరం పోయాక చూస్తే చెప్పులు బెంచీ కిందే ఉన్నాయి.

ఆ రోజు డైరీలో ఒక్క వాక్యమే రాసుకున్నాను: "కబురేమిటని అడగడం ఆపరేటర్ పని కాదు, కనుక అడగలేదు."

శుక్రవారం పొద్దున పది దాటాక కర్నూలు మళ్లీ పిలిచింది. విశాఖపట్నం నుంచి పి.పి. ఉందంది. పెన్సిలు తీసుకున్నాను గానీ పేరు అడగలేదు. అతనే చెప్పాడు: "రహంతుల్లా."

దుకాణం నంబరుకు ప్లగ్గు గుచ్చి రింగిచ్చాను. మొదటి రింగుకే ఎత్తాడు.

"విశాఖపట్నం నుంచి పి.పి. సాబ్. రహంతుల్లా కావాలంట."

"అట్లాంటోల్లు ఎవరూ లేరు" అనే మాట కోసం పెన్సిలు పట్టుకుని ఎదురుచూశాను.

"నేనే," అన్నాడు.

"సాబ్, వాళ్లు అడిగేది రహంతుల్లాను..."

"నేనే సార్ రహంతుల్లా. కలుపు."

కలిపాను. మాటలు సరిగ్గా వినబడుతున్నాయో లేదో మొదట కాసేపు వినడం మా విధి. ఆ రోజు విధికి మించే విన్నాను. వాళ్లు మాట్లాడుకున్నది ఉర్దూలో. కింది వీధుల్లోకి సముద్రం వచ్చిందని, పైనున్న ఇంటికి పెంకులు తప్ప ఏమీ పోలేదని మహబూబ్ చెప్పాడు. రేడియో విని తండ్రి ఏమైపోయాడో అని, ఆయన గొంతు వినాలనిపించి నిన్న ఆయన పేరే చెప్పాడట. ఆ పేరుకున్న అర్థం ఫోను పెట్టేశాక గుర్తొచ్చిందట. ఖాసింసాబ్ కొడుకును నోటికొచ్చినట్టు తిట్టాడు. మధ్యలో పెద్ద మనవరాలు ఫోను లాక్కుంది. ఇక్కడ ఇళ్లు మెట్ల మాదిరి ఒకదానిపైన ఒకటి ఉన్నాయని చెప్పి, "ఈ కొండంతా ఎర్రమన్నే దాదా, మీద పడేదానికి బండలే లేవు," అంది. అంతదాకా తిట్టిన మనిషి అప్పుడు ఏడ్చాడు.

లేని మనిషి మాట్లాడినట్టు ఆ టికెట్ మీద రాసి సంతకం పెట్టాను.

ముందునాటి డైరీ వాక్యాన్ని ఆ సాయంత్రమే కొట్టేశాను. నియమం కోసం అడగలేదనడం అబద్ధం. ఖాసింసాబ్ లాగే నాకూ వినడానికి భయమేసింది. ఆయన భయం కిటికీ అవతల కనబడింది, నాది నియమం వెనక దాక్కుంది. "అందరూ క్షేమమేనా?" అని కర్నూలు ఆపరేటర్ చేత అటు ఒక్క మాట అడిగించి ఉంటే ఆ ముసలాయన ఆ రోజు చెప్పులేసుకుని ఇంటికి పోయేవాడు. తర్వాత బోర్డు మీద ఉన్నన్నేళ్లూ, తుఫాను నాడు వచ్చిన ప్రతి కాల్‌కూ పేరు రాసుకునే ముందు ఆ మాట అడిగాను. పైవాళ్లు రెండుసార్లు మందలించారు. ఆ రెండూ డైరీలో ఉన్నాయి.