పంపించేశానన్నాను

నా కుడిచేతి బొటనవేలు ఒక పాపం చేసింది. వేలు చేసిందంటే నవ్వొస్తుంది. దానంతట అది ఏం చేస్తుంది, చేసింది నేను. కానీ ఇన్నేళ్ళూ నాలో నేను అలాగే అనుకుంటూ వచ్చాను, వేలు జారింది, వేలు పక్కకు పోయింది అని. జారలేదు. నేనే జరిపాను. ఈ ఒక్క మాట అనడానికి నాకు తొమ్మిదేళ్ళు పట్టింది.

మీరెవరో నాకు తెలియదు. తెలిసుంటే చెప్పేదాన్ని కాదు. మా ముత్తుకూరు వైపు వాళ్ళెవరైనా చదివి, ఇది ఫలానా దర్జీ ఆమె గొడవ అని కనిపెడితే కనిపెట్టనీ. ఈ ఊళ్ళో నాకొక పేరుంది. అక్క బిడ్డని కన్నతల్లి కన్నా ఎక్కువగా చూసుకుందని. జాకెట్టు కొలతలివ్వడానికి వచ్చిన ప్రతి మనిషీ ఆ మాట అనకుండా కదలదు. వినీ వినీ నాకు ఒళ్ళు మండిపోతుంది. టేపు వాళ్ళ నడుం చుట్టూ వేసి, ఊపిరి బిగబట్టొద్దు, కొలత తప్పుతుంది అంటాను. అంతకు మించి ఏమనగలను?

మేమిద్దరమే అక్కచెల్లెళ్ళం. అక్క నోట్లో నాలుక లేని మనిషి. ఆ నాలుక కూడా నాకే ఇచ్చాడు దేవుడు. అక్క మొగుడు చెన్నైలో ఇంకో ఇల్లు పెట్టుకున్నాడు. నా మొగుడు, దీనికి పిల్లలు పుట్టరని చెప్పి నన్ను పుట్టింట దింపి పోయాడు. ఒకే ఇంట్లో ఇద్దరం మిగిలాం, మా మధ్య అక్క కూతురు ముబీనా. నేను కుట్టుమిషను పెట్టుకున్నాను. అక్క కువైట్ పోతానంది. పాపకి అప్పుడు రెండో ఏడు. పోయే రోజున బిడ్డని నా చంకకెత్తి, నీ బిడ్డే అనుకో మే, అంది. అనుకోమంది గదా, అనుకున్నాను. అందులో నా తప్పేముందని చాలాసార్లు నాతో నేనే వాదించుకున్నాను. నిజమే, అందులో తప్పు లేదు. తప్పు తర్వాత వస్తుంది.

అక్క పోయింది ఖద్దామా వీసా మీద, అంటే అరబ్బుల ఇంట్లో పనిమనిషిగా. ఆ దేశంలో ఉండడానికిచ్చే అనుమతిని అకామా అంటారు. అది ఏ ఇంటి పేరు మీద కొడితే ఆ ఇంట్లోనే ఉండాలి. ఆ ఇల్లు మంచిదైతే సరే. అక్కకి దొరికింది మంచిది కాదు. నాలుగేళ్ళు ఓర్చుకుంది. సెలవు అడిగితే ఇవ్వలేదు, పాస్‌పోర్టు అడిగితే మొహం మీద తలుపేశారు. ఒక రోజు చెత్త పారేయడానికి బయటికొచ్చి మళ్ళీ లోపలికి పోలేదు. వాళ్ళు పారిపోయిందని కేసు పెట్టారు. అకామా పోయింది. అప్పటి నుంచి ఏ పోలీసు బండి చూసినా సందుల్లోకి దూరడం, నలుగురు తెలుగు ఆడవాళ్ళున్న గదిలో ముడుచుకుని పడుకోవడం, దొరికిన ఇంట్లో గంటల లెక్కన పని చేసుకోవడం.

ఆ గదిలో ఒకామె అక్కని అక్కడి లేబర్ ఆఫీసుకి తీసుకెళ్ళి, జీతం ఎగ్గొట్టారని ఆ ఇంటి మీద ఫిర్యాదు పెట్టించింది. ఫిర్యాదు తేలేదాకా అక్కకి తాత్కాలిక అకామా ఇచ్చారు. మూడు నెలలు. ఆ మూడు నెలలూ పోలీసు పట్టుకోడు. ఈలోగా రెండు దారులు. ఇంకో యజమాని పేరు మీదికి మారి అక్కడే ఉండిపోవడం, లేదా ఏ మచ్చా లేకుండా ఇంటికి వచ్చేయడం. గడువు దాటితే మళ్ళీ దొంగ బతుకే.

ఆ సంగతి చెప్పడానికి ఫోన్ చేసినప్పుడు అక్క గొంతు నేనెప్పుడూ విననట్లుంది. నవ్వుతోంది. పని చేసుకునే ఇంటి దగ్గర ఒక పెద్దామె తన పేరు మీద వీసా మార్పిస్తానందట. కానీ రావాలనుంది మే, అంది. వచ్చి నెల్లూరులో ఇల్లు బాడుగకు తీసుకుని పాపని మంచి స్కూల్లో వేస్తా, నీ నెత్తిన భారం దించుతా, అంది.

భారం. రాత్రిళ్ళు దానికి జ్వరమొస్తే చంకనేసుకుని తిరిగింది నేను. బొగ్గు లారీలు లేపే దుమ్ముకి దానికి దగ్గు రాకుండా కిటికీలకి పాత చీరలు కట్టింది నేను. ఎవరికి భారం? అక్క మంచికే అంది, నా కష్టం చూసి అంది. నువ్వు కూడా మాతోనే వచ్చెయ్ అనే ఉద్దేశం ఆమెకి ఉండే ఉంటుంది. నేను అడగలేదు. అడిగితే ఉందని తెలిసిపోతుందని అడగలేదేమో. కోపంగా ఉండడానికి నాకు ఒక సాకు కావాలి, ఆ మాట చాలింది.

తర్వాత అక్క అన్నది మాత్రం అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది.

"నువ్వేం చెప్పమాక మే. పాప నోట చెప్పించు. అది రమ్మంటే వచ్చేస్తా. లేదంటే ఈ పెద్దామె కింద వీసా మార్చుకుని ఇంకొన్నేళ్ళుంటా."

"ఏడేళ్ళ బిడ్డకేం తెలుసక్కా?"

"దానికే తెలుసు. అది నన్ను మర్చిపోయుంటే నేనొచ్చి ఏం చెయ్యాల? దాని గొంతు వింటే నాకు తెలిసిపోద్ది."

మా ఇంట్లో మాటలన్నీ వాయిస్ మెసేజ్‌ల మీదే నడిచేవి. అక్కకి ఎప్పుడు తీరికో తెలియదు కాబట్టి, మేం మాట్లాడి పంపితే పని మధ్యలో వినుకునేది. పాపకి ఆ బటన్ నొక్కి పట్టుకోవడం చేతయ్యేది కాదు. వేలు మధ్యలో జారి సగం మాటే పోయేది. అందుకని బటన్ నేను పట్టుకునేదాన్ని, అది ఫోను దగ్గర మూతి పెట్టి మాట్లాడేది. పాటలు, పళ్ళు ఊడిన సంగతులు, అన్నీ నా బొటనవేలి కిందుగానే పోయాయి కువైట్‌కి.

ఆ రోజు అది కత్తిరింపుల బల్ల కింద పీలికలు ఏరుకుంటోంది. మీ అమ్మని రమ్మంటావా అని అడిగాను. మామూలుగా అడిగాననే అనుకుంటున్నాను. గంతేసి వచ్చింది.

"అమ్మా, వచ్చెయ్యమ్మా. నా గౌన్లన్నీ చూపిస్తా నీకు. చిన్నమ్మ కుట్టింది. నువ్వొస్తే మనం ముగ్గురం ఒకే మంచంలో పడుకోవచ్చు. వస్తావా?"

ముగ్గురం అంది. ఏడేళ్ళది నన్ను కూడా లెక్కలో వేసింది. అది విన్నాక కూడా నేను వేలు ఎత్తలేదు. ఎత్తితే పోతుంది మెసేజ్. ఎత్తకుండా ఎడమ పక్కకి జరిపాను. అలా జరిపితే మైకు బొమ్మ ఎగిరి చిన్న చెత్తబుట్టలో పడుతుంది, బుట్ట మూత పడుతుంది. చూశాను. పాప నా మొహం చూస్తోంది, ఫోను చూడలేదు. పోయిందా, అని అడిగింది.

పంపించేశానన్నాను.

మర్నాడు అక్క ఫోన్ చేసింది. పాప ఏమంది అంది. ఏమీ అనలేదక్కా, ఆటలో పడిపోయింది అన్నాను. సరిగ్గా అడిగినావా అంది. అడిగినాను, అక్కడే ఉండనీలే అంది పాప, అన్నాను. పోనీలే మే, బిడ్డ నీ దగ్గర బాగుంది గదా, అదే చాలు, అంది. నన్ను తిట్టి ఉంటే బాగుండేది. మొదటి అబద్ధం చెప్పడానికి ముందు నాకు గుండె దడ. రెండోది చెప్పేటప్పుడు సూదిలో దారం ఎక్కించుకుంటున్నాను. అంత సుళువుగా వచ్చింది.

డబ్బుకోసం చేశానంటే నాకింత సిగ్గుండేది కాదు. అలాంటివి అందరిళ్ళలో ఉంటాయి. నాకు అక్క పంపేది అక్కర్లేదు, అక్క కన్నది కావాలి. ఆమెకి అక్కడ మంచి ఇల్లు దొరికింది, ఇక్కడికొచ్చి ఏం బావుకుంటుంది అని నాకు నేను చెప్పుకున్నాను. నమ్మానా? నమ్మినట్టు నటించాను, నాకు నేనే.

అసలు శిక్ష పాపకి పడింది. అది ఎదురుచూసింది. షాపు ముందు ఆటో ఆగితే చాలు, పెన్సిలు పారేసి బయటికి పరిగెత్తేది. గౌన్లన్నీ మడతపెట్టి మంచం మీద పేర్చుకుంది, అమ్మకి చూపించాలని. వాటిని తీసి పెట్టెలో పెట్టబోతే చెయ్యి కొరికింది. అప్పుడైనా చెప్పొచ్చు. అక్కకి ఇంకా గడువుంది. అది కొరికిన చోట పసుపు రాసుకుని మిషను తొక్కాను. గడువు అయిపోయే ముందు అక్క ఆ పెద్దామె కింద వీసా మార్చుకుంది. ఇక్కడ ఒక రోజు ఆటో ఆగితే పాప తలెత్తలేదు. ఆ వారంలోనే నన్ను అమ్మా అంది. ఎవరూ నేర్పలేదు. దాన్ని హత్తుకుని ఏడ్చాను. సంతోషంతో. ఎంత సిగ్గులేని దాన్నో చూడండి.

ఆ తర్వాత అక్కతో మాట్లాడమంటే పాప ఫోను తీసుకునేది కాదు. నేను బలవంతం చెయ్యలేదు. ఎప్పుడైనా మాట్లాడినా పక్కనే కూర్చునేదాన్ని, పాత మాట ఎక్కడ బయటికొస్తుందోనని. రాలేదు. అది అడగలేదు, ఈమె అడగలేదు. ఇద్దరూ ఒకే రకం మనుషులు, దెబ్బ తగిలితే నోరు మూసుకుంటారు. నాకది కలిసొచ్చింది.

ఆ పెద్దామె ఎక్కువ కాలం బతకలేదు. కొడుకులు వీసా కొనసాగించలేదు. అక్క మళ్ళీ సందుల్లో పడింది, ఈసారి ఏళ్ళ తరబడి. పోయిన ఏడు పోలీసులకి దొరికింది. వేలిముద్రలు తీసుకుని, ఇక ఈ దేశంలో అడుగు పెట్టొద్దని విమానం ఎక్కించారు. తీసుకోవడానికి ముద్రలెక్కడ మిగిలాయి? బ్లీచింగ్ నీళ్ళకి వేళ్ళ మీద గీతలే అరిగిపోయాయి. చెన్నై ఎయిర్‌పోర్టుకి పాపని తీసుకుని పోయాను. అక్క చేతిసంచి కింద పెట్టి రెండు చేతులూ చాచింది. పాప సలాం చెప్పి, ఆ సంచి తీసుకుని ముందు నడిచింది.

అప్పటి నుంచి ముగ్గురం ఒకే ఇంటి వాళ్ళం. పాప ఆమెని ఏమనీ పిలవదు. అమ్మా అనదు, ఇంకో వరసా కలపదు. ఇదిగో టీ, ఇదిగో మాత్రలు, అంతే. నన్ను మాత్రం ఆమె ఎదుటే అమ్మా అంటుంది. అలా అన్నప్పుడల్లా అక్క నవ్వుతుంది, నాకు దండం పెట్టినంత పని చేస్తుంది. దాని తప్పేముంది మే, నేను దానికి గుర్తే లేను, రమ్మని ఒక్క మాట అనలేదు గదా, అంటుంది.

ఒకసారి పాపని కసిరాను, కన్నతల్లితో అట్టా ఉంటారా అని. అది పుస్తకంలోంచి తలెత్తింది. "రమ్మని పిలిచినా గదా చిన్నప్పుడు. వచ్చిందా? నువ్వే గదా పంపించినావు," అంది. మర్చిపోయిందనుకున్నాను. ఒక్క ముక్క మర్చిపోలేదు. బిడ్డ తనని పిలవలేదని ఒకరు, పిలిస్తే తల్లి రాలేదని ఒకరు. ఇద్దరి మధ్యా నేను కూర్చుని అన్నం వడ్డిస్తున్నాను.

ఇంటర్‌లో చేరి పాప ఈమధ్యే నెల్లూరు హాస్టల్‌కి పోయింది, సెలవులకే ఇంటికొస్తుంది. పోయిన వారం అక్క నా దగ్గరికొచ్చి, పాపకి ఒక మాట పంపాల, పట్టుకుంటావా, అంది. ఆమె వేళ్ళకి ఫోను పలకదు. బటన్ నేను నొక్కి పట్టుకున్నాను. అక్క వంగి, ఫోనుకి మూతి ఆనించి, ఈ ఆదివారం ఇంటికి రా తల్లీ, నీకు ఇష్టమైంది వండుతా, అంది. సరిగ్గా బిడ్డలాగే అడిగింది, వస్తావా అని. ఈసారి వేలు పక్కకు జరపలేదు. ఎత్తాను. పోయింది.

సాయంత్రానికి జవాబొచ్చింది. అక్క నమాజులో ఉంది. ఫోను చెవి దగ్గర పెట్టుకుని ఒక్కదాన్నే విన్నాను. "అమ్మా, ఆమెకి చెప్పు. చిన్నప్పుడు నేను అట్నే వస్తావా అని అడిగినా. రాలేదు. ఇప్పుడు నన్నెందుకు రమ్మంటది?"

ఈ మాట ఒక్కసారి అక్క చెవిన పడితే చాలు. అడిగిందా, ఎప్పుడు అడిగింది, అని నా వైపు తిరుగుతుంది. ఆ తర్వాత నేను ఒక్క ముక్క చెప్పక్కర్లేదు. వాళ్ళిద్దరూ ఒకరికొకరు దొరుకుతారు. నేను ఇద్దరికీ కాకుండా పోతాను. అక్క చాప మడిచి వచ్చి పాప ఏమంది అని అడిగింది. పరీక్షలున్నాయంట అన్నాను.

చూశారా, తొమ్మిదేళ్ళ కిందటి తప్పు చెప్పుకుంటానని మొదలుపెట్టాను. అది ఎక్కడ పాతబడింది?

ఆ మెసేజ్ ఫోన్లోనే ఉంది. ఈసారి తీసెయ్యలేదు. వినిపించనూ లేదు. క్షమించమని మిమ్మల్ని అడగను, అది మీ చేతిలో లేదు. క్షమించాల్సిన వాళ్ళిద్దరికీ సంగతే తెలియదు. ఇలా రాసుకున్నాక మాత్రం కొంచెం ఊపిరి ఆడుతోంది, అంతే. మిషను ఆపేసి రాస్తున్నాను. లోపల అక్క నేను కుట్టిన చుడీదార్లకి మిగిలిన దారాలు తుంచుతోంది. మిషను చప్పుడు లేకపోయేసరికి, ఏం మే, పాప ఏమన్నా పంపిందా, అని ఇప్పుడే కేకేసింది.

లేదక్కా, అన్నాను.