నా మొహం చూసి మాట్లాడు

ఆ వార్డులో హెడ్ నర్సుగా ఉన్నన్నాళ్లూ ఆమెను వెనకాల అందరూ రూళ్లకర్ర అనేవారు. ఎదుట మాత్రం "అమ్మగారూ" అనాలి, అదీ తలెత్తి, నోరు బాగా తెరిచి అనాలి. గొణిగితే ఆమెకు ఒళ్లు మండిపోయేది. "నేలకేసి ఏం చెబుతావు? నా మొహం చూసి మాట్లాడు!" అని రోగుల ముందే దులిపేసేది. ఆమె ఎదురొస్తోందంటే కొత్తగా చేరిన పిల్లలు వేరే మెట్లమీదుగా జారుకునేవారు. ఇంట్లోనూ అదే వరస. పెళ్లి చేసుకోలేదు, చెల్లెలి ఇంట్లోనే ఓ గదిలో ఉండేది. "వెనకనుంచి గొంతు చించుకున్నా పలకదు మా అక్క. మహారాణి మరి!" అని చెల్లెలు ఇరుగమ్మకూ పొరుగమ్మకూ చెప్పి మూతి తిప్పేది.

నిజానికి అది పొగరు కాదు, చెవుడు. నలభై దాటాక మెల్లగా మొదలై, ఇప్పుడు దాదాపు పూర్తిగా కమ్మేసింది. బయటపడితే వార్డులోంచి తీసి ఏ దుప్పట్ల గదిలోనో కూర్చోబెడతారని భయపడింది. చెవికి మిషను పెట్టుకోలేదు. ఎదుటివాళ్ల పెదవులు చూసి మాట పట్టుకోవడం నేర్చుకుంది. పెదవులు కనిపించనప్పుడు కేకలేసింది. గుట్టు గుట్టుగానే ఉండిపోయింది, గయ్యాళి అన్న పేరు మాత్రం ఊరంతా పాకింది.

ఇంకొక్క ఏడాదిలో రిటైరవుతుందనగా పక్షవాతం వచ్చి అదే వార్డు వరండాలో పడిపోయింది. కుడివైపంతా చచ్చుబడింది, మాట పోయింది. ఎడమచేతికి కలమిస్తే గీతలే తప్ప అక్షరాలు రాలేదు. కిటికీ పక్క మంచం మీద పడుకోబెట్టారు. వార్డులో అంటుదగ్గు పాకుతుండటంతో లోపలికొచ్చిన ప్రతి ఒక్కరి ముక్కూ నోరూ మాస్కు వెనకే.

ఆ ఆస్పత్రిలో వారానికోసారి ఉమ్మడి క్లాసు జరిగేది. డాక్టరు చదువుతున్నవాళ్లూ, నర్సింగు వాళ్లూ, మందుల కోర్సు వాళ్లూ ఒకే రోగి చుట్టూ నిలబడి, ఎవరి గొప్ప వాళ్లు చెప్పుకోకుండా కలిసి ఒక నిర్ణయానికి రావాలి. వాళ్లతోపాటు ఆ వార్డుకు కొత్తగా వచ్చిన ఫిజియో అమ్మాయి కూడా ఉంది. ఈసారి క్లాసు హెడ్ నర్సు మంచం దగ్గర.

"ఈవిడ మనకు తెలిసిన మనిషే. అయినా ఇవాళ రోగిలాగే చూడండి," అన్నాడు క్లాసు నడిపే పెద్ద డాక్టరు. "చెప్పింది అర్థమైతే పునరావాస వార్డుకి పంపుదాం. నడక, మాట మళ్లీ నేర్పుతారు. అర్థం కాకపోతే వెనక బిల్డింగు."

వెనక బిల్డింగు సంగతి హెడ్ నర్సుకు తెలుసు. అక్కడ ఒళ్లు తుడుస్తారు, పక్కకు తిప్పుతారు, గొట్టంలోంచి తిండి పోస్తారు. అక్కడికెళ్లి నడిచి తిరిగొచ్చినవాళ్లను ఆమె చూడలేదు.

"అమ్మగారూ, ఎడమ చెయ్యి ఎత్తండి," అన్నాడు డాక్టరు చదువుతున్న అబ్బాయి.

ఆమెకు కనిపించింది నీలం గుడ్డ కాస్త కదలడమే. మామూలుగా ముందు అడిగేది కళ్లు మూసుకోమనే కదా అని గట్టిగా మూసుకుంది.

"నాలుక చూపించండి."

ఆమె కళ్లు తెరిచి, ఈసారి చెయ్యి ఎత్తింది.

"మన పాత టీవీలాగా ఉంది సార్. మాట ముందు, బొమ్మ తర్వాత," అంది నర్సింగు అమ్మాయి. అందరూ నవ్వారు. ఆ నవ్వు ఆమెకు భుజాల కదలికలో కనిపించింది.

ఆమె ఎడమచేత్తో చెవి చూపించింది. మళ్లీ మళ్లీ చూపించింది.

"చెవిపోటేమో!" అన్నాడు అబ్బాయి. లైటు వేసి చూసి, "ఎర్రగా ఏం లేదు," అన్నాడు. చుక్కలు వేస్తే పోలా అన్నాడు మందుల కోర్సు అతను. నర్సింగు అమ్మాయి తల పక్కకు వంచి వేసేసింది. "శభాష్, తలా ఒక చెయ్యి వేశారు!" అని పెద్ద డాక్టరు మెచ్చుకున్నాడు. చెవిలో మిగిలిన కొంచెం చప్పుడు కూడా ఆ చల్లటి మందులో మునిగిపోయింది.

మిగతావాళ్లు టీకి వెళ్లారు. ఫిజియో అమ్మాయి ఒక్కతే ఉండి చచ్చుబడిన చెయ్యి సాగదీస్తోంది. మంచినీళ్లు తాగడానికి మాస్కు కిందికి లాగి, "అబ్బ, ఉక్క చంపేస్తోంది. కిటికీ ఎవరు మూశారో," అని తనలో తాను అనుకుంది.

హెడ్ నర్సు చెయ్యి చాచి కిటికీ గడియ చూపించింది.

అమ్మాయి గ్లాసు పక్కన పెట్టింది. "ముక్కు పట్టుకోండి," అంది. పట్టుకుంది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఇంకేదో అంది. హెడ్ నర్సు తెల్లమొహం వేసింది. అమ్మాయి చెయ్యి తీసేసింది.

"చె... చెవుడా మీకు? అందుకా మమ్మల్నందరినీ అలా..."

హెడ్ నర్సు తల ఊపింది. ఊపుతూనే ఉంది. కళ్ల వెంట నీళ్లు ధారకట్టాయి.

ఈ అమ్మాయి చదువుకునే రోజుల్లో ఇదే వార్డుకు వచ్చింది. ఆమెకు కాస్త నత్తి. నత్తి మాట పెదవుల మీద అంతుపట్టదు. హెడ్ నర్సు ఒకే జవాబును ఏడ్చేదాకా చెప్పించి, "నోరు తిరగనిదానివి నీకీ చదువెందుకే, పోయి బట్టలు కుట్టుకో," అంది. తర్వాత కాలేజీలో అందరూ ఆమెను దర్జీ అనే పిలిచారు.

"నేను గుర్తున్నానా అమ్మగారూ?"

హెడ్ నర్సు ఆ మొహంకేసి చూసింది. గుర్తు రాలేదు. అలా ఎంతమందిని అందో! అయినా గుర్తుందన్నట్టు గబగబా తల ఊపింది.

"అబద్ధం," అంది అమ్మాయి. మాస్కు పైకి లాక్కుంది.

టీ తాగి వచ్చినవాళ్లు మంచం చుట్టూ చేరారు. చెల్లెలినీ పిలిచారు. "మేముండేది మూడో అంతస్తు బాబూ. మోయడానికి మనిషేడీ? మీకెక్కడ మంచిదనిపిస్తే అక్కడే ఉంచండి," అని ఆమె కళ్లు ఒత్తుకుంది. పెద్ద డాక్టరు ఒక్కొక్కరినీ అడిగాడు. అర్థం కావట్లేదనే అన్నారందరూ.

"ఫిజియో, నువ్వు ఎక్కువసేపు ఉన్నావు. నీకేమనిపించింది?"

"చె... చెప్పింది చెయ్యడం నేను చూడలేదు సార్."

"అందరిదీ ఒకే మాట! ఈ క్లాసు పెట్టాక వాదులాట లేకుండా తేలడం ఇదే మొదటిసారి," అని ఆయన వెనక బిల్డింగు వైపు చెయ్యి చూపించాడు.

ఆ చెయ్యి మాత్రం హెడ్ నర్సుకు అర్థమైంది. ఒక్క ఉదుటున ఎడమచెయ్యి విసిరి, ఫిజియో అమ్మాయి మాస్కు పట్టుకుని లాగింది. తాడు తెగింది. ఆ అమ్మాయి వెనక్కి తగ్గలేదు. ఆమె మీదికి వంగి, గొంతు బయటకు రాకుండా, పెదవులు మాత్రం నిదానంగా కదిపింది.

"చెప్పను."

హెడ్ నర్సు జంతువులా అరిచింది. అందరూ ఉలిక్కిపడ్డారు. "పాపం, ఎంత ఓపికమ్మా నీకు!" అని చెల్లెలు ఫిజియో భుజం నిమిరింది.

"చెయ్యి కట్టాల్సిందే, లేకపోతే తనకే దెబ్బ తగులుతుంది," అన్నాడు పెద్ద డాక్టరు. అబ్బాయి భుజం పట్టుకున్నాడు. మందుల కోర్సు అతను దూదిపట్టీ అందించాడు. నర్సింగు అమ్మాయి చుట్టసాగింది.

"మరీ బిగించకు, నరం నొక్కుకుపోతుంది," అంది ఫిజియో అమ్మాయి. ఈసారి నత్తి లేదు. పట్టీ కింద వేలు దూర్చి సందు సరిచూసింది. ముడిని మంచం చట్రానికి, రోగికి అందని వైపు వేయించింది.

హెడ్ నర్సు అరవడం మాని ఆ ముడి వైపు చూసింది. అందులో వంక పెట్టడానికి ఏమీ లేదు.