పత్తి ధర పెరగబోతోందని నాకు తెలుసు

ఎనభైల మొదట్లో వరంగల్ టెలిఫోన్ ఎక్స్చేంజిలో నాకు ఆపరేటరుగా ఉద్యోగం వచ్చింది. అప్పట్లో వేరే ఊరితో మాట్లాడాలంటే ట్రంక్ కాల్ బుక్ చేసుకుని, మేము లైను కలిపేదాకా కూర్చోవాల్సిందే. నన్ను చదివించింది మా మేనమామ. రఘునాథపల్లి దగ్గర కొద్దిపాటి చెలకలో పత్తి పండించేవాడు.

ఒకరోజు పొద్దున్నే ఎనుమాముల మార్కెట్లో కమీషన్ మీద రైతుల పత్తి బేరం చేసే ఒక అడ్తిదారుకు బొంబాయి నుంచి అర్జెంట్ కాల్ వచ్చింది. లైను కలిసిందని తెలియగానే నేను తప్పుకోవాలి. తప్పుకోలేదు. అవతలి మనిషి హిందీలో గబగబా చెబుతున్నాడు. బయటి దేశాల వాళ్లు పత్తి అడుగుతున్నారట, రెండు రోజుల్లో ధర లేస్తుందట, యార్డులో ఉన్నదంతా ఇవాళే కొనెయ్యమంటున్నాడు. చివరిదాకా విన్నాను.

మధ్యాహ్నం మామ ఆఫీసు గేటు దగ్గరికొచ్చి నన్ను పిలిపించాడు. బండి యార్డులో ఉంచి వచ్చాడట. తలకు చుట్టుకున్న రుమాలు నిండా పత్తి పోగులు.

"బిడ్డా, అడ్తాయన ఇయ్యాల్నే అమ్ముమని ఒకటే తొందర పెడ్తాండు. అమ్మాల్నా, ఆగాల్నా? దినమంత ఫోన్ల కాడనే ఉంటవు గదా, ఏమన్న ఎరుకైందా?"

విన్నది బయటపెడితే ఉద్యోగం పోతుందని చేరిన రోజే హెచ్చరించారు. నేనింకా పర్మనెంటు కాలేదు. సూపర్‌వైజర్ మెట్ల మీద నిలబడి మావైపే చూస్తున్నాడు. ఇవన్నీ నిజమే. కానీ "ఆగు మామా" అంటే సరిపోయేది, కారణం చెప్పాల్సిన పని కూడా లేదు.

"నాకేమెరుక మామా," అన్నాను.

"గంతే తియ్యి. ఉంటె నువ్వు చెప్పవా?" అని, ఉడకబెట్టిన పల్లికాయల మూట నా చేతిలో పెట్టి వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రమే పత్తి అమ్మేశాడు. మూడో రోజుకల్లా ధర ఎక్కడికో పోయింది. మామ తన తలరాతను తిట్టుకున్నాడు తప్ప నన్నేమీ అనలేదు.

కొన్నేళ్లకు ఎస్టీడీ వచ్చింది. వ్యాపారులు దుకాణంలో కూర్చుని వాళ్లంతట వాళ్లే బొంబాయికి నంబరు తిప్పుకునేవాళ్లు. నన్ను బిల్లుల సెక్షనులో వేశారు. రైతులు మాత్రం మునుపటిలాగే అడ్తిదారు ఏం చెబుతాడా అని చూసేవాళ్లు.

ఒక ఆదివారం మామతో కలిసి పత్తి ఏరుతుంటే ఇక ఆగలేక జరిగిందంతా చెప్పేశాను. ఆయన చెయ్యి ఆగిపోయింది. కోప్పడితే బాగుండుననుకున్నాను.

"నా దానికేంది బిడ్డా, పోయింది పోయింది," అన్నాడు. "ఆనాడు నా పక్కపొంటి ఇంక నాలుగు బండ్లున్నయి. ఆళ్లు ఆగుదమనే అన్నరు. మా మేనకోడలు టెలిఫోన్ల ఉంటది, రేటు పెరిగేదుంటె చెప్తుండె, అమ్ముండ్రి అని నేనే అన్న."

ఆయన మళ్లీ వంగి పత్తి ఏరసాగాడు.