నా సముద్రంలో నెత్తళ్ళు

అప్పట్లో మేం ఉక్కునగరం క్వార్టర్లో కొత్తగా దిగాం. హాల్లో నేను వేసిన బొమ్మే పెడతానంటే మావారు నవ్వారు. పంతం పట్టి, చిన్ననాటి స్నేహితురాలు పైడితల్లి దగ్గరకు వెళ్ళాను. వాళ్ళిల్లు ఫిషింగ్ హార్బర్ పక్కనే. పడవలకు రంగులు వేయడంలో దానిది అందె వేసిన చెయ్యి.

పడవ రంగులతోనే ఓ పెద్ద హార్డ్‌బోర్డు మీద నాచేత కొండ, సముద్రం వేయించింది. "సముద్రమంతా ఒకటే నీలం ఏటే? ఒడ్డు కాడ పచ్చగుంటాది, సూడు" అంటూ చెయ్యి పట్టుకుని దిద్దించింది. బొమ్మ కుదిరింది. ఇసుకలో ఎండకు పెట్టి టీ తాగడానికి వెళ్ళాం.

తిరిగొచ్చేసరికి బొమ్మ కనబడలేదు. దాని చోట నెత్తళ్ళు ఎండుతున్నాయి. చూపు సరిగా ఆనని పైడితల్లి అత్తగారు నీలం పట్టా అనుకుని నా సముద్రం మీద చేపలు పరిచేసింది.

నాకు ఏడుపొచ్చింది. ఆవిడకు కోపమొచ్చింది. "నా నెత్తళ్ళన్నీ నీలంగా అయిపోనాయి, ఈటిని ఎవులు తింటారు?"

పైడితల్లి ఒక్కో చేపనూ ఊడదీస్తూ, "ఊరుకోయే, సేపల్లేని సముద్రం ఏటి సముద్రం" అంది.

అంటుకున్న పొలుసులతోనే దాన్ని హాల్లో పెట్టాను. మావారు గానీ, వచ్చిన చుట్టాలు గానీ మెచ్చుకోలేదు. ఎదురింటి పిల్లి మాత్రం రోజూ వచ్చి, దాని ముందు కూర్చుని కళ్ళార్పకుండా చూసేది. కళను గుర్తించేవాళ్ళు ఎక్కడో ఒకచోట ఉంటారని నాకు అప్పుడే తెలిసింది.