మా గుంపులో నాలుగోవాడు

ఎనభైల్లో, నాకు ఇరవై ఏడేళ్ళప్పుడు, బహ్రెయిన్‌లో నాతోపాటు ఒకే ఫ్లాటులో ఉండే అన్నయ్య ఒక కంప్యూటర్ కొన్నాడు. సొంత అన్నయ్య కాదు. గుంటూరు వైపు మనిషి, నాకంటే పదేళ్ళు పెద్ద, సల్మానియాలోని పెద్దాసుపత్రిలో ఎక్స్‌రే టెక్నీషియన్. నేను ఒక కన్‌స్ట్రక్షన్ కంపెనీలో డ్రాఫ్ట్స్‌మన్‌ని. జింజ్‌లో ఒక బట్టల కొట్టు పైన రెండు గదుల ఫ్లాటు మాది. ఆయన భార్యాపిల్లలు ఇంకా రాలేదు. నాకు పెళ్ళే కాలేదు.

ఊరు వదిలి వెళ్ళిపోతున్నవాడెవడో అమ్మేస్తుంటే కొన్నాడా కంప్యూటర్. టీవీకి తగిలించి వాడాలి. దాంతోపాటు ఒక అట్టపెట్టె నిండా ఫ్లాపీలు వచ్చాయి. వాటిలో ఒకదాని మీద పెన్సిల్‌తో కోట బొమ్మ గీసి ఉంది. శుక్రవారం సెలవు. అన్నయ్య పొద్దున తెలుగు ఫెలోషిప్‌లో ప్రార్థన ముగించుకుని వచ్చేవాడు. అన్నాలు తిని, కిటికీలకు దుప్పట్లు కట్టి, ఏసీ పెట్టుకుని ఆ ఆటకు కూర్చునేవాళ్ళం.

ఆరుగురు మనుషుల్ని మనమే తయారుచేసుకుని, నేల కింద ఉన్న కోటలోకి దించాలి. తెర మీద బొమ్మలంటూ పెద్దగా ఏమీ లేవు. నల్లటి చీకట్లో తెల్లటి గీతలు. ఆ గీతలే గోడలు, ఆ గీతలే తలుపులు. దారి తప్పకుండా ఒక్కో అంతస్తునూ నేను ఆఫీసు గ్రాఫ్ పేపర్ మీద గీసేవాణ్ణి. ఆ ఆటలో వెనక్కి పోవడం లేదు. ఏదైనా జరిగిన మరుక్షణం ఎర్రదీపం వెలిగి, గరగరమంటూ ఫ్లాపీ మీద రాసేసుకునేది. చచ్చినవాడు చచ్చినట్టే. వైరు పీకేసినా రాసింది పోదు. తర్వాత రోజుల్లో రంగులూ పాటలూ ఉన్న ఆటలు చాలా చూశాను. వాటిలో తప్పు చేస్తే మళ్ళీ మొదలుపెట్టుకోవచ్చు. ఈ గీతల ఆటలో మాత్రం ఒక తలుపు తోసేముందు మేమిద్దరం నిజంగానే భయంతో ఒకరి మొహం ఒకరు చూసుకునేవాళ్ళం. ఆట గొప్పదనమంటే నాకు ఇప్పటికీ అదే.

మనిషిని తయారుచేసేటప్పుడు పేరూ బలమూ కాక ఇంకో సంగతి అడిగేది. ఇతను గుడ్, న్యూట్రల్, ఈవిల్ ఈ మూడింట్లో ఏది? అన్నయ్య తన మనుషులందరికీ గుడ్ అని పెట్టాడు.

"ఈవిల్ అన్న మాట మన ఇంట్లో రాయడానికి వీల్లేదు తమ్ముడూ," అన్నాడు.

నేను ఆటతోపాటు వచ్చిన పుస్తకం చదివి లెక్క చూసుకున్నాను. మంచివాళ్ళూ చెడ్డవాళ్ళూ ఒకే గుంపులో నడవరు. న్యూట్రల్ వాడు మాత్రం ఎవరితోనైనా పోవచ్చు. ఇంకో లాభం కూడా ఉంది. దారిలో అప్పుడప్పుడూ మన మీదికి రాని గుంపులు ఎదురయ్యేవి. వదిలేస్తారా, కొడతారా అని ఆట అడిగేది. మంచివాడు అలాంటి వాళ్ళని కొడుతూపోతే, ఏదో ఒకరోజు చెప్పాపెట్టకుండా అతని పేరు పక్కనున్న మాట మారిపోయేది. చెడ్డవాడు వదిలేస్తూపోతే అతనిదీ మారేది. న్యూట్రల్ వాడిది ఏం చేసినా మారదు. నా మనిషికి అదే పెట్టుకున్నాను.

"గోడ మీద పిల్లివిరా నువ్వు," అని నవ్వాడు అన్నయ్య.

మా కంపెనీ అప్పట్లో రిఫాలో ఒక మూడంతస్తుల భవనం కడుతోంది. అక్కడి పనివాళ్ళలో కరీంనగర్ వైపు మేస్త్రీ ఒకతను ఉండేవాడు. నలభై దాటి ఉంటాయి. ఆఫీసులో తెలుగు తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే కాబట్టి క్యాంపులో వాళ్ళకి ఏం కావాలన్నా నా దగ్గరికే వచ్చేవాళ్ళు. మేస్త్రీకి చదువు రాదు. శుక్రవారం మధ్యాహ్నం కంపెనీ వ్యానులో మనామా దాకా వచ్చి, అక్కడి నుంచి జింజ్‌కి నడిచి, ఇంటికి ఉత్తరం రాయించుకునేవాడు. ఉత్తరం అయ్యాక చాప మీద కూర్చుని మా ఆట చూసేవాడు.

"ఏంది సార్ గది? చీకట్ల ఏడికి పోతున్నరు?"

అన్నయ్య ఓపిగ్గా చెప్పాడు. మేస్త్రీకి కూడా ఒక మనిషిని చేసిపెడతానన్నాడు. అతని పేరే పెట్టి, కత్తి పట్టే వీరుణ్ణి చేసి, గుంపులోంచి తన మనిషి ఒకణ్ణి తప్పించి నాలుగో స్థానంలో నిలబెట్టాడు.

"మంచోడా, చెడ్డోడా, మధ్యస్తమా? ఏది రాయమంటావు మేస్త్రీ?" అని అడిగాడు.

మేస్త్రీ తెర వైపు చాలాసేపు చూశాడు. "గది ఇప్పుడే ఎట్ల చెప్తం సార్? ఇంక ఒక్క అడుగన్న ఎయ్యకపాయె."

"ముందే చెప్పాలయ్యా. చెప్పకపోతే లోపలికి రానివ్వదు."

"అయితే మీకేది అక్కెరుంటే అది రాసుకోండ్రి. నడిసినంక సూద్దం."

అన్నయ్య గుడ్ అని రాశాడు. ఆ రోజు నుంచి ఎదురుపడ్డ గుంపుల సంగతి తేల్చేది మేస్త్రీయే అయ్యాడు. కొడదామా అని నేనంటే, "పోనియ్యిండ్రి సార్, ఆళ్ళ తొవ్వల ఆళ్ళు పోతున్నరు," అనేవాడు. నెలల తరబడి ఆడాం. నాలుగోవాడి పేరు పక్కన ఆ మాట అలాగే ఉంది.

ఒక గురువారం మధ్యాహ్నం మేస్త్రీ సైటులోనే ఉన్న మా ఆఫీసు గది తలుపు దగ్గర నిలబడ్డాడు. చేతులు సిమెంటుతో ఉన్నాయి.

"సార్, మూడో అంతస్తు కాడ నిలబడే పైపులు వదులైనయ్. కాలు వెడ్తే ఊగుతున్నది. ఇంజినీరు సారుకు జర చెప్పుండ్రి. నేను చెప్తే ఆయనకు సమజ్ గాదు."

"చెప్తాను మేస్త్రీ, నువ్వెళ్ళు," అన్నాను.

చెప్పడానికి లేచాను కూడా. ఇంజినీరు గదిలోంచి అరుపులు వినిపిస్తున్నాయి. ఫోర్‌మన్‌ని తిడుతున్నాడు. నా కాంట్రాక్టు పొడిగించే కాగితం ఆ రోజే ఆయన బల్ల మీద ఉంది, సంతకం కోసం. ఇప్పుడు వెళ్ళి పరంజా బాగాలేదని చెబితే ఏమంటాడో అనుకున్నాను. శనివారం పొద్దున చెబుదాంలే అనుకుని కూర్చున్నాను. సాయంత్రానికి సంతకమైన కాగితం నా చేతికి వచ్చింది.

మర్నాడు శుక్రవారం మేస్త్రీ ఎప్పటిలాగే వచ్చాడు. మేము అప్పుడు ఆటలో, కోట అయిదో అంతస్తులో దారి తప్పి ఉన్నాం. వెలుగు అయిపోయింది, గుంపులో ఇద్దరు గాయాలతో ఉన్నారు. నేను గ్రాఫ్ పేపర్ మీద గళ్ళు లెక్కపెట్టుకుంటున్నాను.

"సార్, ఇంజినీరు సారుకు చెప్పిన్రా?"

"ఆ, చెప్పాను," అన్నాను. తల కూడా తిప్పలేదు.

"బిగిస్తమన్నరా?"

"ఆ."

"మంచిది సార్," అని చాప మీద కూర్చున్నాడు. ఆ రోజు దారి కనుక్కున్నాం. పైకి వచ్చేశాక అన్నయ్య టీ పెట్టాడు. ముగ్గురం తాగాం. మేస్త్రీ మెట్లు దిగుతూ, "రేపు డ్యూటీల కలుస్త సార్," అన్నాడు.

శనివారం నేను ఆఫీసుకు చేరేది ఏడున్నరకు. వాళ్ళు పైకెక్కేది ఆరింటికి. ఆ సంగతి నాకు ముందు రోజూ తెలుసు, దాని ముందు రోజూ తెలుసు.

నేను వ్యాను దిగేసరికి పని ఆగిపోయి ఉంది. మనుషులంతా ఒక పక్కన గుమిగూడి నేల వైపు చూస్తున్నారు. అప్పటికే అతన్ని తీసుకెళ్ళిపోయారు. ఇసుకలో ఒక చెప్పు ఉంది. ఊడివచ్చిన పైపు ఒకటి అడ్డంగా వేలాడుతోంది. ఎవరో "యల్లా, యల్లా" అని అందర్నీ వెనక్కి తోస్తున్నారు.

మేస్త్రీ బతికాడు. ఎక్స్‌రే తీసింది అన్నయ్యే. ఆ సాయంత్రం ఇంటికొచ్చి కంచం ముందు కూర్చుని, తినకుండా చెప్పాడు. "వెన్నెముక, తమ్ముడూ. నడుం కింద ఇంకేమీ కదలదు. ఆ ఫిల్ము దీపానికి పట్టి మళ్ళీ మళ్ళీ చూశాను." కంచం పక్కకు జరిపి అన్నాడు. "నీ గురించి అందరికీ గొప్పగా చెబుతున్నాడు. మా సారు ముందే చెప్పిండు, కంపెనీ వాళ్ళే బిగించలేదు అంటున్నాడు."

నేను అన్నం కలుపుతూ ఉండిపోయాను.

"నిజంగా చెప్పావు కదా?" అన్నాడు.

"చెప్పాను అన్నయ్యా."

ఆయన కంచం తీసుకుని లేచాడు.

రెండు రోజుల తర్వాత ఆఫీసులో ఒక కాగితం నా ముందు పెట్టారు. పరంజా బాగాలేదని ప్రమాదానికి ముందు ఎవరైనా మీతో చెప్పారా అని ప్రశ్న. చెప్పారని రాస్తే, నువ్వెవరికి చెప్పావని అడుగుతారు. ఇంజినీరుకు చెప్పానని రాస్తే అది అబద్ధం. ఆయన కోపిష్టివాడే కానీ ఈ సంగతి ఆయనకు నిజంగా తెలియదు. పెన్ను పట్టుకుని చాలాసేపు కూర్చుని, నాకేమీ తెలియదు అని రాశాను. ఎవరి పక్షమూ కాని మాట అది. రాస్తున్నప్పుడు నా మనిషి పేరు పక్కనున్న మాట గుర్తొచ్చింది.

మేస్త్రీ ఆసుపత్రిలో పది వారాలు ఉన్నాడు. శుక్రవారాలు నాలుగింటికి, చూడనిచ్చే వేళకి వెళ్ళేవాణ్ణి. నన్ను చూడగానే పక్క మంచాల వాళ్ళకి చూపించేవాడు. "భాయ్, యే మేరా సార్. ఇస్‌నే పహ్లే బోలా థా," అనేవాడు, ముందే చెప్పింది ఈయనే అని. పక్క మంచం మీద కాలికి కట్టు ఉన్న పఠాను చెయ్యెత్తి నాకు సలాం చేసేవాడు. నేను తిరిగి సలాం చేసేవాణ్ణి. ఇంటికి ఉత్తరం రాయించుకుంటే అందులోనూ అదే. "మా సారు మస్తు మంచోడు, ఆయన తప్పేం లేదు అని రాయుండ్రి సార్." నా చేత్తో నేనే రాశాను, మూడు ఉత్తరాల్లో.

ఆట అన్నయ్య ముట్టుకోలేదు. ఒక రోజు ఆయన డ్యూటీలో ఉండగా నేనొక్కణ్ణే పెట్టాను. గరగరమని చదువుకుని ఆరుగురి పేర్లూ వరసగా చూపించింది. నాలుగోవాడు క్షేమం. ఒంట్లో ఒక్క గాయం లేదు. గుడ్. మూడోవాణ్ణి నేను. న్యూట్రల్. బాణం మీట నొక్కాను. ఆరుగురూ ఒక అడుగు ముందుకు వేశారు. అతను కూడా వేశాడు. వెంటనే టీవీ ఆపేశాను. ఆపినా నాకు చాప వైపు చూడటానికి భయమేసింది. పగటిపూటే. వీధిలో పిల్లలు ఆడుకుంటున్న చప్పుడు వినిపిస్తూనే ఉంది.

అప్పటి నుంచి శుక్రవారం మధ్యాహ్నం మెట్ల మీద ఎవరి అడుగులు వినిపించినా లేచి నిలబడేవాణ్ణి.

మేస్త్రీని ఇంటికి పంపేందుకు టికెట్ వచ్చింది. స్ట్రెచర్ మీద తీసుకెళతారు, తోడుగా క్యాంపులో మనిషి ఒకరు వెళతారు. ముందు రోజు, శుక్రవారం, నేను వెళ్ళాను. అతనికి కొత్త చొక్కా తొడిగి ఉంచారు. గడ్డం గీసుకున్నాడు.

"ఇగ మా ఊళ్ళె అందరికి చెప్త సార్. దుబాయిల గిసోంటి సారు ఒకాయన ఉండెనని." గల్ఫులో ఏ దేశమైనా వాళ్ళ ఊళ్ళో దుబాయే.

"మేస్త్రీ," అన్నాను. "నేను చెప్పలేదు."

"ఏంది సార్?"

"ఇంజినీరుకి. నేను చెప్పలేదు. శనివారం చెబుదామనుకున్నాను. శుక్రవారం నువ్వు అడిగినప్పుడు చెప్పానని అబద్ధం ఆడాను."

అతను నా మొహం వైపే చూశాడు. ఆట చూసేటప్పుడు తెర వైపు చూసినట్టే, అర్థం చేసుకోవడానికి చూస్తున్నట్టు. కోప్పడతాడనుకున్నాను. ఏడుస్తాడనుకున్నాను. పఠాను మా ఇద్దరినీ మార్చి మార్చి చూస్తున్నాడు, భాష తెలియక నవ్వుతున్నాడు.

మేస్త్రీ చూపు తిప్పుకుని అన్నాడు. "సార్, జర నన్ను అటుదిక్కు తిప్పుండ్రి."

అటువైపు గోడ. నాకు ముందు అర్థం కాలేదు. అతను కళ్ళతో చూపించాడు. ఒక చెయ్యి భుజం కింద, ఒక చెయ్యి నడుం కింద పెట్టి, నర్సు చేస్తుండగా చూసినట్టు మెల్లగా తిప్పాను. కాళ్ళు వాటంతటవి రాలేదు. ఒక్కొక్కటీ ఎత్తి సర్దాను. తల కింద దిండు సరిచేశాను. అతను గోడ వైపు చూస్తూ పడుకున్నాడు. వేళ అయిపోయిందని గంట కొట్టేదాకా నేను అతని వీపు వెనక నిలబడి ఉన్నాను.

ఆ సాయంత్రం అన్నయ్యకి అంతా చెప్పాను. తిట్టలేదు. "ఆ కాగితం మళ్ళీ రాయి," అన్నాడు. ఎదురుగా కూర్చుని రాయించాడు. మేస్త్రీ నాతో ఎప్పుడు చెప్పాడో, నేను ఎందుకు చెప్పలేదో, అన్నీ. శనివారం పట్టుకెళ్ళి ఇంజినీరుకి ఇచ్చాను. ఆయన రెండుసార్లు చదివాడు. అరవలేదు. కిటికీలోంచి సైటు వైపు చూసి, "ఖలాస్. అతని విమానం పొద్దునే వెళ్ళిపోయింది," అన్నాడు. కాగితాన్ని మాత్రం ఫైల్లో పెట్టాడు. నష్టపరిహారం అడగడానికి పనికొస్తుందని దాని నకలు ఒకటి మేస్త్రీ ఊరికి రిజిస్టర్ చేసి పంపాను.

మరుసటి ఏడాది నా కాంట్రాక్టు పొడిగించలేదు. అన్నయ్య భార్యాపిల్లల్ని తెచ్చుకుని రిఫాకి మారాడు. కంప్యూటర్‌ని పిల్లల చదువుకని ఉంచుకున్నాడు. కోట ఫ్లాపీని ఏం చేశాడో నేను అడగలేదు, ఆయనా చెప్పలేదు.

నా కాగితం మేస్త్రీకి ఎందుకైనా అక్కరకొచ్చిందో లేదో ఇప్పటికీ తెలియదు. కనుక్కుందామని ఎన్నోసార్లు ఉత్తరం మొదలుపెట్టాను. అది చేరితే ఎవరో ఒకరు అతనికి చదివి వినిపించాలి. ఉత్తరం పైన నా పేరు చదవగానే, ఆపండి అంటాడేమో. అతన్ని పక్కకు తిప్పడానికి ఆ ఇంట్లో ఎవరున్నారో కూడా నాకు తెలియదు.