కరెంటుకు లొంగని నడక

2023 వేసవి. మాదాపూర్‌లో వర్చువల్ రియాలిటీ పరికరాలు తయారుచేసే ఒక చిన్న కంపెనీలో టెస్ట్ ఇంజనీరుని. హెడ్‌సెట్ పెట్టుకున్నవాళ్లకు అంతులేని దారి కనిపిస్తుంది, మా గదేమో రెండు కార్లు పట్టేంత. అందుకే ‘రీడైరెక్టెడ్ వాకింగ్’, అంటే మనిషికి తెలియకుండా వంపు తిప్పి నడిపించడం. చెవుల వెనక ప్యాడ్లు అంటించి సన్నటి కరెంటు పంపితే ఒళ్లు ఒక పక్కకు వాలుతుంది, కాళ్లూ అటే తిరుగుతాయి. ఆ మనిషి మాత్రం తిన్నగానే నడుస్తున్నాననుకుంటాడు. వారాల తరబడి జనాన్ని ఇలా నడిపించి నాకు విసుగొచ్చేసింది.

ఒకరోజు పరీక్షకు రావలసినవాళ్లు రాలేదు. మా హౌస్‌కీపింగ్ సూపర్‌వైజర్ నర్సింహ గారిని అడిగితే సరేనన్నారు. హెడ్‌సెట్‌లో వెలుతురున్నంతసేపూ, కరెంటు పంపినా పక్కకు తిరగకుండా తిన్నగా నడిచారు. చీకటి చేయగానే తూలారు. కరెంటు ఆపేసినా అలాగే తూలారు. ప్యాడ్లు మార్చాను, వైర్లు మార్చాను, అదే తంతు.

“ఆ రీడింగ్ తీసేసి ఇంకొకరిని పిలవండి” అన్నారు మేనేజరు. నాకూ అదే హాయనిపించింది.

హెడ్‌సెట్ విప్పుతుంటే నర్సింహ గారు మెల్లగా, “మేడం, నేను తాగి రాలే” అన్నారు.

“అలా ఎవరన్నారండి?”

“మా ఇంట్ల అంటరు. చీకటి పడ్డంక హఫీజ్‌పేట్ గల్లీల తూలుకుంట పోత. తాగలేదంటే ఎవ్వలు నమ్మరు. మనవరాలు పుట్టి ఏడాదాయె, కోడలు నా చేతికియ్యదు.”

మనసు చివుక్కుమంది. కరెంటు కదిలించేది లోచెవిలో ఉండే బ్యాలెన్స్ నరాన్ని. ఆయనలో అది పలకడం లేదు. కళ్లతో చూసుకుంటూ నెట్టుకొస్తున్నారు, అందుకే చీకట్లో తూలుతున్నారు.

“నేను డాక్టర్ని కాదండి. కానీ ఒకసారి చెవి డాక్టరుకు చూపించండి. కొడుకునీ కోడల్నీ కూడా తీసుకెళ్లండి” అన్నాను.

దవాఖానలో వాళ్లిద్దరి ముందే పరీక్షలు చేసి, రెండు చెవుల్లోనూ బ్యాలెన్స్ బాగా దెబ్బతిందన్నారు. ఎప్పుడో జబ్బు చేసినప్పుడు వేసిన ఇంజెక్షన్ల వల్ల కావచ్చట. పూర్తిగా నయం కాదు, వ్యాయామాలు చేసుకోవాలి. ఆ కబురు విని నాకు నీరసం వచ్చింది. ఆయన ముఖంలో మాత్రం అదేమీ లేదు.

“పాపను ఇస్తున్నారా?” అని అడిగాను.

“కూసుంటే ఒళ్లె పెడుతున్నరు మేడం. పొద్దుగూకినంక నేనే ఎత్తుకోను. తాగుబోతని వాళ్లు ఇయ్యకపోవుడు వేరు, పడేస్తనేమోనని నేను వద్దనుడు వేరు.”

అప్పటినుంచి ఏ రీడింగ్ తీసేయాలన్నా ముందు ఆ మనిషితో కూర్చుని మాట్లాడుతున్నాను. పని పెరిగింది, ఏం చేస్తాం.