చేరకముందే కొట్టిన తంతి

బరంపురం అవతల రైలుకట్ట తెగిందన్నారు. మా జాలరి సంఘానికి రావలసిన నైలాన్ దారం బుధవారంలోగా కలకత్తా వెళ్ళి తీసుకోకపోతే వేరేవాళ్ళకు పోతుంది. కార్యదర్శిని కాబట్టి నన్ను విమానంలో పంపుతామన్నారు.

విశాఖపట్నం నుంచి కలకత్తాకు గాలిదారిన దాదాపు నాలుగువందల డెబ్బై మైళ్ళు. రైల్లో రాత్రీ పగలూ పట్టే దూరం. విమానం మధ్యలో భువనేశ్వరంలో దిగినా నాలుగు గంటలే. ఈ లెక్కంతా చెప్పి, చంకలో మూడు నెలల పాపతో నిలబడ్డ మా ఆవిడ నూకాలుకు ధైర్యం చెప్పబోయాను.

"సముద్రమైనా గాలైనా నాకొకటే మావా. నువ్వు గట్టెక్కినావని తెలిసీదాకా నాను మెతుకు ముట్టను" అంది.

వేటకెళ్ళినవాళ్ళ కోసం ఆమె పుట్టింటి ఆడవాళ్ళంతా అలాగే పస్తుంటారు. కానీ పాలిచ్చే తల్లి పస్తుంటే పాప గతేమిటి? కలకత్తాలో తంతి కొడితే మర్నాటికి గానీ మా ఊరు చేరదు.

సోమవారం తెల్లవారుజామున నాలుగున్నర బస్సుకు కళింగపట్నంలో బయల్దేరాను. విజయనగరంలో బస్సు మారి, రెండిడ్లీలు తిని, పదింటికి విశాఖ చేరాను. ఎలాగూ చేరేవాణ్ణే కదా అని, అక్కడి తంతి ఆఫీసులోనే "క్షేమంగా చేరాను, భోంచెయ్యి" అని కొట్టేశాను. నా తెలివికి నేనే మురిసిపోయాను.

పన్నెండుకు విమానం లేచింది. చెవులకు దూది, నోటికి పిప్పరమెంటు ఇచ్చారు. పక్కన విజయనగరం గోగునార వ్యాపారి కూర్చున్నాడు. చిల్కా సరస్సు దాటాక మబ్బుల్లో పడ్డాం. విమానం ఒక్కసారిగా కిందికి జారింది. ఎవరో కెవ్వుమన్నారు.

"బయమేస్తందా బాబూ?" అన్నాడు వ్యాపారి.

"చేరానని ఇంటికి ముందే తంతి కొట్టేశానండీ."

"అదేటి పని బాబూ!" అని ఆయన దేవుళ్ళందరికీ దణ్ణాలు పెట్టుకోవడం మొదలెట్టాడు.

నేను పోయే వేళకు నూకాలు నా మాట నమ్మి అన్నం తింటూ ఉంటుంది. అంతకన్నా పాపం ఉందా?

భువనేశ్వరంలో వాన తగ్గేదాకా ఆపేశారు. అయిదున్నరకు కలకత్తాలో దిగి, ముందు తంతి కొట్టి, ఆ తర్వాతే టీ తాగాను. మర్నాడు దారం దొరికింది. రైలుకట్ట బాగుపడడంతో బుధవారం రైలెక్కి, గురువారం పొద్దున్న పదింటికి ఆమదాలవలసలో దిగాను. స్టేషన్లో నూకాలు అన్న అప్పన్న ఉన్నాడు. చెల్లెలు పంపితే రోజూ వచ్చి రైళ్ళు చూస్తున్నాడట.

"తంతి సోమారం మద్దేనమే అందింది బావా. కాయితం మీద విశాపట్నం అని ఉన్నాదని పోస్టుమాస్టరు సదివీసాడు. అది అబద్దమని మా సెల్లికి తెలిసిపోనాది. గంజినీల్ల మీదే ఉన్నాది. పాలు తగ్గిపోనాయి."

"మర్నాడు కలకత్తా తంతి అందలేదా?"

"అందింది" అని నా సంచి అందుకుని బస్సు వైపు నడిచాడు.

అక్కడినుంచి బస్సులో పాతిక మైళ్ళు. ఎడ్లబండి ఎదురైన చోటల్లా ఆగింది. గాల్లో పడిన భయం ఆ బస్సులో పడ్డదాని ముందు ఏపాటి!

నూకాలు గుమ్మంలోనే ఉంది. భుజం మీద పాప ఏడుస్తోంది.

"రెండోది కలకత్తా తంతే కదే. అప్పుడైనా తినాల్సింది" అన్నాను.

"రెండూ నువ్వు కొట్టినవే కదా మావా" అంది.

పాపను నా చేతుల్లో పెట్టి, అన్నం వడ్డించుకోడానికి లోపలికి వెళ్ళింది.